దించొద్దు, దించొచ్చు

ముప్పై మూడేళ్ల క్రితం, జూన్ పదకొండో తేదీన మన విమాన ప్రమాదాల విచారణ కార్యాలయంలో ధ్వనిముద్రణల శ్రోతగా చేరి, ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న మా విభాగాధిపతిని మనమందరం ‘చెవిగారు’ అనే పిలుచుకుంటాం. కాలిపోయిన విమానాల్లోంచి వెలికితీసిన పైలట్ల ఆఖరి మాటలు విని, అక్షరం పొల్లుపోకుండా కాగితం మీద పెట్టడం వారి వృత్తి. అన్ని చావులు విన్న మనిషి భోజనాల దగ్గర మమ్మల్ని పొట్ట చెక్కలయ్యేలా నవ్వించేవారంటే నాకిప్పటికీ విడ్డూరమే. ఒకసారి క్యాంటీన్‌లో, “ఏమయ్యా, ఆ మిక్సీ బేరింగు పోతోంది, చూసుకో” అన్నారు. మర్నాడు మాకెవరికీ పళ్లరసం దొరకలేదు.

వారు విభాగాధిపతి అయిన ఏడాదే, అంటే ఉద్యోగంలో పదమూడో ఏట, ఒక ప్రైవేటు విమానం ఇంజిను చెడి, అత్యవసరంగా దిగబోయి, చక్రాలు లేకుండా పొట్ట మీద జారి తగలబడింది. కెప్టెన్‌తో కలిపి ఆరుగురు మరణించారు. ఇద్దరు శ్రోతలు వేరు వేరు గదుల్లో విని రాయడం మన పద్ధతి. ఆ టేపుకు వారూ, నేనూ కూర్చున్నాం; నేను ముందు ముగించాను. నోరు ఊరుకోదు కదా, వారి గదిలోకి దూసుకెళ్లి, “కెప్టెన్ ‘ఇప్పుడు దించొద్దు’ అన్నాడండీ! చక్రాలు దించనివ్వకుండా చేజేతులా చంపాడు!” అనేశాను. టేపు కంటే ముందు నా మాట వారి చెవిన పడింది. అలారాల రొదలో వారికీ అదే వినిపించింది. శకలాల్లో చక్రాల మీట దించిన స్థితిలోనే ఉన్నా, తాకిడికి జరిగి ఉంటుందని సరిపెట్టుకున్నారు. తప్పు కెప్టెన్‌దేనని నివేదిక వెళ్లింది.

అప్పటికి బడిలో చదువుతున్న కెప్టెన్ కూతురు ఏటా ఒక ఉత్తరం రాసేది: “మా నాన్న అలా అనరు. మళ్లీ వినండి.” వాటిని ఫైల్లో పెట్టినవాణ్ణి నేనే. తొమ్మిదో ఉత్తరాన్ని చెవిగారు స్వయంగా తీసుకుని, తలుపు వేసుకుని మూడు రోజులు విన్నారు. తర్వాత నన్ను పిలిచి, “ఏమీ చెప్పను. విని రాయి” అన్నారు. రాశాను. ‘ఇప్పుడు దించొచ్చు.’ వారి కాగితం మీదా అదే ఉంది. కెప్టెన్ దించమన్నాడు, కో-పైలట్ మీట దించాడు, చక్రాలే రాలేదు. నివేదికను సవరించారు. ‘ఐదుగురిని చంపినవాడి తల్లి’ అనిపించుకున్న కెప్టెన్ తల్లి మాత్రం అప్పటికే కన్నుమూసింది.

ఆ సంగతి చెప్పడానికి మేమిద్దరం వాళ్లింటికి వెళ్లాం. “ఆ అక్షరం తప్పుగా విన్నదెవరండీ?” అని అడిగింది ఆ అమ్మాయి. “నేనేనమ్మా” అన్నారు చెవిగారు. ఆమె లేచి తలుపు తీసి నిలబడింది. కారులో, “సార్, అది నేను కదా” అన్నాను. “విభాగం నాది. నువ్వూరుకో” అన్నారు. సిగ్గులేక ఊరుకున్నాను, పదకొండేళ్లు.

ఆనాటి నుంచి, రెండు కాగితాలూ కవర్లలో పెట్టి అంటించేదాకా శ్రోతలు పలకరించుకోకూడదన్న నియమం వారు పెట్టారు. కొత్తవాళ్లు నవ్వుతారు. ఈ ఒక్క విషయంలో మాత్రం వారు నవ్వేవారు కాదు.

ఈ వీడ్కోలు సభకు ఆ అమ్మాయిని ఆహ్వానిస్తే, “ఆయన ముఖం చూడలేను” అని కబురు పంపింది. ఆ కబురు విని చెవిగారు, “నిజమే కదయ్యా” అని తల దించుకున్నారు. అది నేను చూడలేకపోయాను. అందుకే ఈ అభినందన సంచిక తొలి ప్రతిని ఆమెకే పంపుతున్నాను. అమ్మా, తప్పుగా విన్నది నేను, వారి చెవిని చెడగొట్టింది నేను. నీ కోపం ఇకనైనా చేరవలసిన చోటికి చేరాలనీ, మా చెవిగారు సతీసమేతంగా, ఆయురారోగ్యాలతో, ఇతరుల తప్పు మోయనక్కరలేని నిండు జీవితం గడపాలనీ మనసారా కోరుకుంటున్నాను.