కుంపట్లో వావిలాకు

"వావిలాకు వాసన బాగనే ఉంది గదా జేజీ, కుంపటెందుకు బయట పారేస్తివి?"

ఎందుకా? గమ్మునుండు మే. బాలింతవు, పసిబిడ్డను పక్కన పెట్టుకొని తలుపేసుకుంటావా? ఆ కిటికీ తెరువు ముందు. చలేం తినేయదులే.

మీ నాయనను కన్నది నేను గాదు, మా అక్క మరియమ్మని నీకు తెలుసు గదా. ఎట్ల పోయిందో ఎవురూ చెప్పినట్టు ల్యా. నంద్యాల ఆసుపత్రిలో కాన్పై, బిడ్డనెత్తుకొని బస్సులో మా ఊరికొచ్చె. ఆళ్లగడ్డ పక్కనే గదా మాది. డెబ్బై ఎనిమిదో, తొమ్మిదో... ఏదోలే, నాకింకా పెండ్లి కాల్యా. వారమంతా ఒకటే ముసురు.

బాలింతకు వావిలాకు సెగ పెట్టాల్సిందే మాకు. తడికట్టెలు పొగొస్తాయి, పసోడు దగ్గుతాడని మా అమ్మ బొగ్గులు తెప్పించె. అప్పట్లో బొగ్గులంటే పిరియం, అయినా తెప్పించె. పొగ ల్యాకపోతే ఏం కాదనుకున్యాది పాపం. తలుపేసి, సందుల్లో పాతచీరలు దూర్చె. వాసన బయటికి పోతే మందు పోయినట్టే అనె.

"తల నొస్తాంది మా" అనె అక్క. "పచ్చి బాలింతవు, నొయ్యదా? బాగా పీల్చు" అని అమ్మ ఇంకో పిడికెడు ఆకేసి, తలుపు దగ్గరికేసి వంటింట్లోకి పోయె. మీ నాయన ఒకటే ఏడుపు. అక్కను పండుకోనీలే అని నేను వాణ్ణి వసారాలోకి ఎత్తుకపోయినా.

పాలకేడుస్తాంటే మళ్లా తలుపు తీసినా. గదంతా కమ్మగా వావిలాకు వాసన. అక్క పండుకున్యట్టే ఉంది. లేపితే లేయల్యా.

బొగ్గుల గాలికి వాసనుండదంట మే, డాక్టరు చెప్పె. మూసిన గదిలో నిద్రలోనే పానం తీస్తాదంట. వాసనంతా ఆకుది. అది బాగుందని మేం నమ్మితిమి.

సమాధి చేసొచ్చినంక మా అమ్మ గొడ్డలి తీసుకొని పెరట్లో వావిలిచెట్టు మీద పడె. నరికేకొద్దీ ఆకు నలిగి వాసన ఇంకా గుప్పుమనె. గొడ్డలి ఆడనే పారేసి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని ఏడ్చె. మీ నాయన కాలేజీకి పోయేటప్పుడు చెప్పినాడు, ఆకులో కంటికానని తిత్తులుంటాయంట, పురుగు తినకుండా చెట్టు దాంట్లో నూనె చేసి పెట్టుకుంటాదంట. నలిగినా, సెగ తగిలినా ఆ తిత్తులు పగిలి నూనె గాల్లో కలుస్తాదంట. దాని పానం కోసం అది చేసుకుంటాది, దానిదేం తప్పు చెప్పు? మా అమ్మ మాత్రం సచ్చేదాంక తలుపేసుకొని పండుకోల్యా.

ఆకు పారెయ్యల్యాలే. నీళ్లలో కాంచి నేనే ఒంటికి పోస్తా నీకు, తలుపు తీసిపెట్టి.

బిడ్డేడుస్తాండాడు, ఇటియ్యి, వసారాలో తిప్పుతా. నువ్వూ లెయ్యి మే. నిన్ను లోపలొదిలి నేను పోను. రా, నా తల్లి, నూరేండ్లు సల్లగుండు, రా...