చదును పలక మీద సవారీ

మణుగూరు కాలనీ నుంచి వచ్చిన పదేళ్ల మనవరాలు జూలూరుపాడు దగ్గర తాత పొలం గట్టున మూతి ముడుచుకుని కూర్చుంది. పొద్దున అమ్మమ్మ పెట్టిన అన్నం సగం వదిలేసి వచ్చింది. ఎదురుగా దమ్ము చేసిన మడిలో, చదును పలక కట్టిన ఎడ్లు ఎదురుచూస్తున్నాయి.

“దిగు బిడ్డా, పలకెక్కి కూసో.”

“తమ్ముణ్ని ఎక్కించు తాతా. పంద్రాగస్టు పరుగుపందెంల నన్ను వద్దన్నరు. బరువున్ననంట.”

“వాణ్ని ఎక్కిచ్చి సూసిన. పలక ఎగిరింది, వాడు బురదల పడ్డడు. బరువుంటెనే మట్టిగడ్డలు అణుగుతయ్.”

“నేను గూడ పడితె?”

“తాడు గట్టిగ పట్టుకో. హై!”

“తాతా, ఆపు! పడుతున్న! అమ్మో, నోట్లకు బురద... ఆపకు తాతా! ఇంకా జల్దీ!”

“ఎడ్లకు ఆయాసమొస్తుందే!”

“ఏందీ, రెండిటికా? నేనొక్కదాన్నే!”

“ఇగ సాలు. ఎనక్కి తిరిగి సూడు.”

మడంతా చాప పరిచినట్టుంది.

“ఇదంత నేనేనా తాతా?”

“నువ్వే. పక్క మడి రేపు.”

“అయితె ఇంటికి పా, జల్దీ. పొద్దున వదిలేసిన అన్నం తినాలె. నేను తగ్గిపోతే నీ మడి ఏంగావాలె?”