వెంట్రుకవాసి కిందికి

పాటల బృందం సాధన గది. అందరూ వెళ్లిపోయారు. బృందాన్ని నడిపే తండ్రి, ఆయన కట్టిన పాటను కాగితం మీద పెట్టే కూతురు మిగిలారు.

“మళ్లీ దిగిపోయింది. పాట ఆగేసరికి సా ఎక్కడో గోతిలో ఉంది.”

“నేను తోయలేదు నాన్నా.”

“రాసింది నువ్వేగా! ఎవరి గొంతు ఎంత దించాలో, ఎంత ఎత్తాలో బాణాలు గీసేది నువ్వేగా!”

“మీరు చెప్పినట్టే గీశాను. ప్రతి గొంతూ పక్క గొంతుతో రొద లేకుండా కలవాలన్నారు. కలిశాయి. కలిసి ఒక చుట్టు తిరిగిన ప్రతిసారీ పాట మొత్తం వెంట్రుకవాసి కిందికి జారుతోంది.”

“సరిగ్గా రాస్తే జారదు.”

“హార్మోనియం పెట్టుకుని పాడితే జారదు. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది మీరే. సా తప్ప అందులో ప్రతి స్వరమూ కాస్త అబద్ధమన్నారు.”

“అబద్ధమే.”

“సరే. నా ఉద్యోగం—”

“పాట తెమలనీ.”

“సోమవారం చేరాలి నాన్నా.”

“మాటంటే మాటే. పాట మొదలైన సా దగ్గరికే వచ్చి ఆగాలి. ఆ రోజు వెళ్లు. నేనే సూట్‌కేసు మోసుకొచ్చి బస్సెక్కిస్తా.”

“పోయినేడూ ఇదే అన్నారు. సర్దాను. విప్పాను.”

“నన్నేం చేయమంటావే? నేనా జారేది?”

“మీరు జారరు, జరగరు. అదే తంటా. అందరికీ బాణాలున్నాయి. మీ కింది గొంతుకి ఒక్కటీ గీయనివ్వరు.”

“నేను పునాదిని. పునాది జరుగుతుందా?”

“జరగాలి. ప్రతి చుట్టులో ఒక్కచోట, వెంట్రుకవాసి పైకి. ఎక్కడో తేల్చేశాను. ఈ కాగితంలో ఉంది.”

“కళ్లజోడు లేదు.”

“మీ జేబులో ఉంది.”

“రేపు చూద్దాంలే.”

“మీ వల్ల కాకపోతే చెప్పండి. దర్జీ బాబాయిదీ కింది గొంతే. మీ భాగం ఆయనకిస్తా.”

“వాడికా! గొంతులో దారం ఇరుక్కున్నట్టు పాడేవాడికా? ఇటు తే కాగితం. ఊఁ… ఊఁ. చూశాలే. నువ్వు పైన అందుకో.”

“మొదలెట్టండి.”

“సా… ద… రి…”

“ఆపకండి.”

“…రి… సా.”

“ఇంకో చుట్టు. ఆపకండి, ఇంకోటి. చాలు, సా పట్టుకుని ఉండండి. బీరువా తాళం ఏదీ? ఆఁ, దొరికింది. విన్నారా, హార్మోనియం సా! మన సా! రెండూ ఒకటే నాన్నా!”

“మరేమనుకున్నావు? రి రెండోసారి పట్టేటప్పుడు పైకి జరిగాను. నువ్వు గీసినచోటే. ఈ ముక్క పోయినేడే గీసి ఏడిస్తే ఈపాటికి ఉద్యోగంలో ఉండేదానివి. అన్నీ నా మీదకే తోస్తావు.”

“కళ్లజోడు పెట్టుకోండి.”

“ఎందుకే?”

“కాగితం చూడండి. తిప్పి కూడా చూడండి. అందులో మీకు ఒక్క బాణమూ లేదు నాన్నా. ఆ చోటు ఎక్కడో ఇప్పుడు మీరు పాడేదాకా నాకు తెలియనే తెలియదు.”