పుట్టీ పెట్టిన ఫ్రేము

సభకు పెద్దగా కూర్చున్న మేనేజరు గారికి, వేదిక మీది పెద్దలకు, ఈ బస్సుల షెడ్డులో నాతోపాటు ఇన్నేళ్లూ పొగ మింగిన స్నేహితులకు, మొదటి వరసలో అప్పుడే కొంగు కళ్లకద్దుకుంటున్న మా ఆవిడకు, ఆమె పక్కనున్న మా అమ్మాయికి నమస్కారం. నాకు మైకు అలవాటు లేదు. వెల్డరన్నవాడు మొహానికి ముసుగేసుకునే మాట్లాడతాడు, అదీ ఎవరినైనా తిట్టాల్సి వస్తేనే. (నవ్వులు)

మేనేజరు గారు నా గురించి చెప్పిన మంచి మాటల్లో సగం నిజమైనా నన్ను ఇంటికి పంపేవారు కాదు. (నవ్వులు) పోనీండి, రిటైరయ్యే రోజున అందరూ మంచివాళ్లే. ఆ మాటలకు కృతజ్ఞతలు. నేను మాట్లాడాల్సింది మాత్రం, ఇందాక గుడ్డ తీసి మీకు చూపించిన ఈ ఎర్రటి ఫ్రేము గురించి.

తెలియనివాళ్లు కూడా ఉన్నారు కాబట్టి చెబుతాను. ఇది మోకాలెత్తు రేసు మోటారుసైకిలు ఫ్రేము. పిల్లల బొమ్మ కాదు, పెద్దవాళ్లే కాళ్లు ముడుచుకుని కూర్చుని తోలతారు, తోలితే మాత్రం చూసేవాళ్ల గుండె జారుతుంది. మా అమ్మాయి వారమంతా మందుల దుకాణంలో పనిచేసి ఆదివారం వస్తే ఈ పందేలకు పోతుంది. కొన్న బండి మీద మోకాళ్లు చెవులకు తగులుతున్నాయి నాన్నా అంది. వాళ్లమ్మలా పొడగరి. సరే, నీ కొలతకు నేనే చేస్తానన్నాను. వెనక గదిలో మంచం తీసేసి, అమ్మాయిని పీట మీద కూర్చోబెట్టి, చేతికి చీపురుకర్ర హ్యాండిలుగా ఇచ్చి, గోడ మీద సుద్దముక్కతో దాని వీపూ మోచేతులూ మోకాళ్లూ గీసుకున్నాను. మా ఆవిడ వచ్చి చూసి, "పెళ్లైన కొత్తలో వంటింట్లోకి ఓ బల్ల చెయ్యమంటే ఇప్పటికీ దిక్కులేదు, దీనికైతే గోడమీద బొమ్మలు కూడానా" అంది. (నవ్వులు) అవును, నవ్వండి, ఆ బల్ల ఇంకా చెయ్యలేదు.

గొట్టాల్లో ఇసక కూరి, వేడిచేసి, నలక్కుండా వంచాను. హ్యాండిలు తిరిగే గొట్టాన్ని ఎంత వాలుగా పెట్టాలో తేల్చుకోవడానికి మా అమ్మాయీ నేనూ పోట్లాడుకుని రెండు పూటలు మాటలు మానేశాం. చివరికి అది చెప్పిందే రైటని తేలింది, నేను ఒప్పుకోలేదు. నా ఉద్యోగంలో నేను అతికినవన్నీ ఇంకొకరి బస్సులు. ఇదొక్కటే నాది. ఆ గదిలో ఉన్నప్పుడు నేను సంతోషంగా ఉన్నానని ఈ సభలో చెప్పుకోవడానికి నాకు సిగ్గులేదు.

అయితే ఒక సంగతి. గొట్టాలను ముందు అక్కడో చుక్క ఇక్కడో చుక్క వేసి అంటించి నిలబెడతాం, దర్జీ కచ్చాకుట్టు వేసుకున్నట్టు. వంకర లేదని దారం పట్టి చూసుకున్నాక చుట్టూ గట్టి అతుకు వేస్తాం. నాది కచ్చాకుట్టు దగ్గరే ఆగింది. పైన దుప్పటి కప్పి, తాళం వేసి, ఎవరడిగినా తర్వాత చూద్దాంలే అంటూ వచ్చాను.

మా బావమరిది మీ అందరికీ తెలుసు, మన షెడ్డు పెయింటరు, తుప్పుపట్టిన బస్సుని కూడా పెళ్లికూతుర్ని చేస్తాడు. అదిగో, నవ్వుతున్నాడు. నవ్వకు తమ్ముడూ, వద్దు. వీడూ మా ఆవిడా కలిసి, నన్ను ఆశ్చర్యపరచాలని, తాళం తీసి దీన్ని ఎత్తుకొచ్చారు. గొట్టాల మధ్య సందులు కనిపించాయి. బస్సు రేకులకు ఏం చేస్తామో అదే చేశాడు: పుట్టీ పెట్టి, నున్నగా రుద్ది, రంగు కొట్టాడు. ఇందాక వేదిక ఎక్కుతుంటే నా చెవిలో, "బావా, సందులన్నీ నేను సర్దేశాలే" అన్నాడు. ఆ తర్వాతే మేనేజరు గారు లేచి, షెడ్డు తరఫున ఇంజను బిగించి ఇస్తామని, వచ్చే ఆదివారం అమ్మాయి దీనిమీదే పందెం తోలుతుందని ప్రకటించారు. మీరంతా చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

(కూతురి వైపు తిరిగి) అమ్మా, దీన్ని ఎక్కొద్దు. పైన పటారం లోన లొటారం. మొదటి మలుపులో బ్రేకు పట్టావంటే ముందుభాగం విడిపోతుంది. పండగలాంటి సభలో ఇలాంటి మాట అన్నందుకు పెద్దలు క్షమించాలి. చెప్పకుండా దండ వేయించుకుని దిగిపోతే ఆదివారం నాకు తెల్లవారదు.

తమ్ముడూ, నీ తప్పు లేదు. తలదించుకోకు. ప్రేమగా చేశావు, పని కూడా బాగా చేశావు, నాకే అతుకు ఎక్కడుందో కనబడలేదు.

ఎందుకు ఆపావని అడుగుతారు. ఇదిగో, ఈ కాగితం పట్టుకున్న చెయ్యి చూడండి. మైకు భయం అనుకుని ఉంటారు. కాదు. ఈ వణుకు కొన్నాళ్లుగా ఉంది, తగ్గదని డాక్టరు చెప్పేశాడు. మా ఆవిడకు ఇప్పుడే తెలుస్తోంది, ఇంటికెళ్లాక నా పని ఉంది. (నవ్వులు లేవు) పోనీ బస్సు మెట్టయితే ఎలాగో అతికేస్తాను. కన్నకూతురు కూర్చునేదానికి ఈ చేత్తో అతుకు వేయలేను. వేద్దామని గదిలోకి వెళ్లడం, ముసుగు వేసుకోవడం, తీసి మేకుకి తగిలించి వచ్చేయడం, అదే నా పనైపోయింది.

వెనక వరసలో మనమంతా మౌనస్వామి అని పిలిచే నా జతగాడు కూర్చున్నాడు. నా కష్టమైన అతుకులన్నీ ఈమధ్య ఎవరు వేస్తున్నారో మీకు తెలియదు. వాడే. నా చేతిలోంచి వెల్డింగు హోల్డరు తీసుకునేవాడు, ఒక్క మాట అడగలేదు, ఒక్కరికి చెప్పలేదు. ఇంట్లో ఉన్న ఈ ఫ్రేముని మాత్రం నిన్ను ముట్టుకోనివ్వలేదురా. అది నాది కదా అని. ఇప్పుడు ఇంతమందిలో అడుగుతున్నాను. రంగు గీకేసి, పుట్టీ తవ్వేసి, శుభ్రంగా రుద్ది, నువ్వు అతుకు. ఆదివారానికి కాకపోయినా ఫరవాలేదు. అదిగో, తల ఊపాడు. సరే.

మేనేజరు గారూ, ఒక్క మనవి. ఫొటో ఆయన వచ్చి ఉన్నాడు. రేపు దీని రంగు పోతుంది, తర్వాత దీనిమీద ఉండేది వాడి చేతి అతుకు. ఈ పూట మాత్రం చూసినవాళ్లకు ఇది నేను పూర్తిచేసినట్టే ఉంది. దీని పక్కన నన్నూ మా అమ్మాయినీ నిలబెట్టి ఒక ఫొటో తీయించండి.

ఓపిగ్గా విన్నారు, అందరికీ కృతజ్ఞతలు. ఇక సెలవు.