మేబెల్ ఇంట్లో రెండో మనిషి

ఫ్లోరిడాలో ఓ చిన్న ఊరి సమావేశ మందిరం. పెద్ద పాములను ఇళ్ళలో పెంచడం, అమ్మడం ఆపేయాలన్న కొత్త నిబంధన మీద లోపల బోర్డు వాళ్ళు జనం మాట వింటున్నారు. బయట వరండాలో, పేరు పిలిచేదాకా ఆగలేక ఆగుతున్న అక్కాతమ్ముళ్ళు లోరెటా, వెర్నన్.

"మళ్ళీ మొదట్నించి చెప్తా, విను."

"ఎన్నిసార్లు వినాల్రా వెర్నన్? ముందు కూర్చో. నువ్విలా అటూ ఇటూ తిరుగుతుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

"రెండు నిమిషాలేనక్కా ఇచ్చేది. దాటితే మాట మధ్యలోనే మైకు కట్టేస్తారు. డెరిక్‌కి అదే జరిగింది. పాపం, కూతురి చదువు సంగతి చెప్పబోయేసరికి టక్కున కట్టేశారు. పాము పిల్లల్ని అమ్మే కదా వాడు ఆ పిల్లని చదివిస్తున్నది? బయటికొచ్చి ఆ గోడ పక్కన నిలబడి ఏడ్చాడు. అంత మనిషి."

"చూశాను. సరే, చెప్పు. విని చస్తాను."

"'అయ్యా, అమ్మా. నా పేరు వెర్నన్ టర్లీ. ఇరవై రెండేళ్ళుగా నా ఇంట్లో మేబెల్ అనే కొండచిలువ ఉంటోంది...'"

"నీ పెళ్ళి మూడేళ్ళు కూడా నిలవలేదు. అదీ చెప్పు, బాగుంటుంది."

"అక్కా!"

"సరేలే, సరేలే. కానీ."

"'లైసెన్సు తీసుకోమన్నారు, తీసుకున్నాను. చర్మం కింద చిప్పు పెట్టించమన్నారు, పెట్టించాను. బోనుకి తాళం, గదికి తాళం అన్నారు, రెండూ వేశాను. ఎప్పుడో తుఫానుకి ఎవడిదో గోదాం కూలిపోయి, అందులో పాములు చిత్తడి నేలల్లో పడ్డాయట. పడితే పడ్డాయి. తాళాల వెనక పడుకున్న నా మేబెల్ ఏం చేసిందండీ? ఎలుకలున్నాయని ఎవరైనా ఇల్లు తగలబెట్టుకుంటారా?'"

"ఆ ముక్క బాగుంది."

"బాగుంది కదా? 'ఈ ఊళ్ళో కుక్కలు ఎంతమందిని కరుస్తున్నాయో ఆస్పత్రిలో అడగండి. కుక్కల్ని ఆపేశారా? మీరిలా తరిమితే భయపడ్డవాడు ఏం చేస్తాడు? పాముని గోనెసంచిలో కట్టి తీసుకెళ్ళి కాలవలో వదిలేస్తాడు. మీరు దేనికి భయపడుతున్నారో అదే మీ చేతులతో చేయిస్తున్నారు.'"

"ఇది ఇంకా బాగుంది. ఇక్కడితో ఆపెయ్."

"ఆపేస్తే ఎలా? అసలు మాట ఇంకా రాలేదుగా. 'ఇరవై రెండేళ్ళలో నా ఇంట్లో ఒక్క మనిషి ఒంటి మీద ఒక్క గీత పడలేదు.' అప్పుడు నేను పక్కకి తప్పుకుంటా, నువ్వొస్తావు. నువ్వు చెప్పేది గుర్తుందా?"

"ఉంది."

"చెప్పు మరి."

"ఉందన్నానుగా."

"చెప్పక్కా. లోపలికెళ్ళాక తడబడితే వాళ్ళ మొహాలు చూడాలి. ఆ ముందు వరసలో పక్షుల బొమ్మల బిళ్ళలు పెట్టుకుని కూర్చున్నారే, పాములు పక్షుల్ని తినేస్తున్నాయని వచ్చినవాళ్ళు, వాళ్ళు కాచుక్కూర్చున్నారు."

"'నా పేరు లోరెటా. ఈయన అక్కని. మా ఆయన పోయినప్పట్నించి వీడింట్లోనే ఉంటున్నా...' 'వీడు' అనొచ్చా లోపల?"

"ఏదో ఒకటి అను. తర్వాత?"

"'మేబెల్‌ని పట్టుకోవడం, కడగడం, తిండి పెట్టడం నేను కూడా నేర్చుకున్నా...' తర్వాత అదే. నువ్వు రాసిచ్చింది."

"ఏది?"

"అదేరా. గీత మాట."

"అది గట్టిగా చెప్పాలక్కా. బతికేదీ చచ్చేదీ అక్కడే ఉంది. ఇప్పటికే పెంచుకుంటున్న పాముల్ని బతికినంతకాలం ఉండనిస్తామంటున్నారు, అదైనా ఒక షరతు మీద. పదడుగులు దాటిన పామున్న ఇంట్లో దాన్ని పట్టడం తెలిసిన రెండో మనిషి ఉండాలి. అక్కడే కాపురముండాలి. పక్కింటివాడు పనికిరాడు. డెరిక్‌కి ఎవరూ లేరు, వాడి పాములు పోయినట్టే. నాకు నువ్వున్నావు. నువ్వు లేకపోతే మేబెల్ లేదు."

"లేకపోతే నిజంగానే తీసుకుపోతారా?"

"తీసుకుపోయి ఏం చేస్తారు? దాన్నెవరు పెంచుతారు? ఒక సూది పొడిచి పడుకోబెట్టేస్తారు."

"అలా అనకురా."

"అనక ఏమనను? రాత్రి నిద్రపడితే కదా. ఎన్నో మనిషి వెళ్ళాడు లోపలికి? పేర్లేవీ వినపడ్డం లేదు. నువ్వు ఈ చొక్కా మార్చుకుంటే బాగుండేది. అందరం ఆకుపచ్చ టీషర్టులేసుకుని వచ్చాం. నీకూ తెచ్చాను, బండిలో ఉంది..."

"పొట్టి చేతులది కదా."

"అవును, సరేలే. వద్దులే. ఇదే బాగుంది. పెద్దరికంగా ఉంది."

"వెర్నన్, ఆ గీత మాట తీసేస్తే ఏమవుతుంది?"

"ఎందుకు తీసెయ్యడం?"

"ఊరికే. పెద్ద పెద్ద మాటలు ఎందుకని."

"పెద్ద మాటేముంది అందులో? కాఫీ తాగుతావా? ఆ మూల యంత్రం ఉంది. చల్లటి టీ కూడా ఉందనుకుంటా."

"నాకేం వద్దు. ఎందుకు తీసెయ్యమంటున్నానో అడగవా?"

"చెప్పావుగా. పెద్ద మాటలని."

"ఇటు చూడు. నా మొహం కాదు, చేతికేసి చూడు. ఆగు, బొత్తాం రావట్లేదు... ఇదిగో."

"పొయ్యి దగ్గర కాల్చుకున్నదేగా?"

"పొయ్యి కాలిందని చెప్పాను నీతో. పొయ్యి కాదు. నువ్వు టాంపాలో పాముల సంతకి వెళ్ళావే, ఆరోజు. చర్చి భోజనాలకి కోడిముక్కలు వేయిస్తున్నా. మేబెల్ నీళ్ళ తొట్టి తిరగేసుకుంది. తడిలో పడుకుంటే దానికి జబ్బు చేస్తుందని నువ్వే అంటావుగా. ఒక్క నిమిషం పనే కదాని తలుపు తీశా."

"కొక్కెంతో తట్టావా ముందు?"

"లేదు."

"తట్టకుండా తలుపు తీస్తావా! ఎన్నిసార్లు చెప్పానక్కా? తల మీద కొక్కెంతో మెల్లిగా తడితే అన్నం కాదు, మనిషి అని దానికి తెలుస్తుంది. తట్టకుండా తెరిస్తే ఏమనుకుంటుంది? పైగా చేతులకి కోడి వాసన!"

"తెలుసురా. తప్పు నాదే. దాని తప్పేం లేదు, పాపం. పిచ్చిది, అన్నం వచ్చిందనుకుంది. మెరుపులా వచ్చింది. కరిచింది కూడా తెలీలేదు, చుట్టుకోవడమే తెలిసింది. రెండు చుట్లు. మోచెయ్యి దాటి భుజందాకా. వేళ్ళు నల్లబడ్డాయి. అరిచానుగానీ ఎవరు వింటారక్కడ?"

"సీసా..."

"ఆ, నువ్వు గూట్లో పెడతావే, చవక విస్కీ సీసా, ఇలాంటప్పుడు దాని నోట్లో పొయ్యమని. ఎడంచేత్తో మూత తియ్యడం రాలేదు. పళ్ళతో తీశా. సగం నా మొహం మీదే పోయింది. మిగతాది దాని నోట్లో పోశా. వెంటనే వదలదురా అది. తీరిగ్గా ఆలోచించుకుని వదిలింది."

"మంచి పని చేశావు."

"ఏమిటి?"

"సీసా గుర్తుకురావడం. చాలామందికి ఆ కంగారులో గుర్తురాదు. మంచి పని చేశావక్కా. చెయ్యి కప్పుకో, ఎవరో వస్తున్నారు."

"ఎవరూ రావట్లేదు. కాపలా మనిషి నీళ్ళకి పోతున్నాడు."

"లోపల ఇదంతా చెప్పవుగా?"

"చెప్పేదాన్నయితే ఈ ఎండలో ఈ చొక్కా ఎందుకు తగిలించుకుంటాన్రా? దేవుడి మీద ప్రమాణం చేసి మరీ గీత పడలేదని చెప్తా. నా బతుకులో కోర్టులో, చర్చిలో అబద్ధమాడలేదు. నీకోసం ఆడతా. రోజూ వింటుంటాగా, తలుపు వేసుకుని ఆ గదిలో దానితో మాట్లాడుతుంటావు. మెకానిక్ ఏమన్నాడు, మోకాలు ఎలా ఉంది, అన్నీ దానికే చెప్తావు. నాతో అందులో పదోవంతు మాట్లాడవు. అది పోతే నువ్వు మిగలవని తెలుసు నాకు. అందుకే నోరు మూసుకున్నా. నీకు తెలిస్తే దాన్ని చూసినప్పుడల్లా నా చెయ్యి గుర్తొస్తుంది, దాని మీద ప్రేమ విరిగిపోతుందని భయపడ్డా."

"నువ్వు చాలా మంచిదానివక్కా."

"అదొకటి. నొప్పి పుట్టిందా అని అడగరా ఒక్కసారి."

"పుట్టే ఉంటుంది. పుట్టదా?"

"ఒక పన్ను లోపలే ఉండిపోయింది. కళ్ళద్దాలు పెట్టుకుని, సూది కాల్చి, నేనే తీసుకున్నా."

"ఒకటేనా? రెండు విరిగాయన్నాడే..."

"ఎవరు?"

"ఆ?"

"ఎవరన్నారు రెండు విరిగాయని?"

"ఎవరూ అనలేదు. మామూలుగా విరిగితే రెండు, మూడు..."

"ఒరేయ్ వెర్నన్."

"పిలుస్తున్నట్టున్నారక్కా, ఉండు."

"ఎవరూ పిలవట్లేదు. ఇటు తిరుగు. ఎవరన్నారు?"

"ఫోర్ట్ మయర్స్‌లో డాక్టరు."

"ఏ డాక్టరు?"

"పాములు చూసే ఆయన."

"చెక్కలు కొనాలని చెప్పి నువ్వు అక్కడికి వెళ్ళిందెప్పుడు... ఆ మంగళవారమా? బండిలో మేబెల్ ఉందా ఆరోజు?"

"దాని పెదవి వాచిందక్కా. వచ్చీరాగానే చూశా. చిగుళ్ళ దగ్గర నెత్తురు. చూసుకోకపోతే నోరు కుళ్ళిపోతుంది వాటికి, చచ్చిపోతాయి. ఏం చెయ్యను?"

"అంటే నేను వంటింట్లో చేతికి తువ్వాలు చుట్టుకుని కూర్చున్నప్పటికి..."

"గదిలో అంతా విస్కీ వాసన. సీసా ఖాళీ. ఇంట్లో ఉన్నది నువ్వొక్కదానివి. తెలీకుండా ఎలా ఉంటుంది?"

"తెలిసే 'జాగ్రత్తక్కా, పొయ్యి దగ్గర' అన్నావా?"

"అడిగితే నువ్వు చెప్తావు. చెప్తే నేను రాసివ్వాలి. కరిస్తే బోర్డుకి చెప్పి తీరాలని లైసెన్సు రూలు. చెప్పానా, అది పోతుంది. నువ్వే పొయ్యి అన్నావుగా! నువ్వే అన్నాక నేనెందుకు కదపాలి? ఇద్దరం దానికోసమే కదా చేశాం?"

"నెల దాటిందిరా."

"తెలుసు."

"ఒక్కసారి కూడా మందు రాసుకున్నావా అనలేదు."

"అడగాలనే ఉండేది. నోరు రాలేదు. నా బాధ నీకు తెలీదు. ఆ వారమంతా అది తిండి ముట్టలేదక్కా. కుందేలు పెడితే మొహం తిప్పేసుకుంది."

"నేనూ తినలేదు ఆ వారం. నువ్వు ఎదురుగా కూర్చుని తిన్నావు."

"అక్కా..."

"మొక్కజొన్న రొట్టె ఇంకోటి వేసుకుంటానన్నావు. లేచి నేనే వేశా. ఈ చేత్తోనే."

"ఇప్పుడు ఇదంతా ఎందుకక్కా? అయిపోయింది. ఇంటికెళ్ళాక తిట్టు, కొట్టు, పడతా. ఈ రెండు నిమిషాలు గడవనీ. దణ్ణం పెడతా. చొక్కా గుండీ పెట్టుకో."

"వాళ్ళ రూలు తప్పేరా. ఇప్పటికీ అంటా. ఆ పాము ఏ పాపమూ ఎరగదు. లోపల అదే చెప్తా."

"అంతే! అది చాలు. అది చెప్పు చాలు. చూశావా, నువ్వు నా అక్కవి."

"వెర్నన్ టర్లీ గారు ఎవరండీ? మీ వంతు వచ్చింది. లోపలికి రండి."

"నేనేనండీ, వస్తున్నాం, వస్తున్నాం. ఈవిడ మా అక్క, లోరెటా. నా తర్వాత మాట్లాడుతుంది."

"మంచిదండీ. లోపలికి వెళ్ళేముందు ఒక్క మాట. మీ పాము పదడుగులు దాటింది కదా, మీ ఇంట్లో ఉండే రెండో మనిషి ఎవరో అధ్యక్షులు మొట్టమొదట అదే అడుగుతారు. అమ్మా, అది మీరేనా?"

"ఆవిడేనండీ. చెప్పక్కా."

"ఇందాకటిదాకా నేనేనండీ."