రెండో అంచనాను వదులుకోని వీరలక్ష్మి గారు

2002 ఆగస్టు 5వ తేదీన శ్రీమతి వీరలక్ష్మి గారు మాదాపూర్‌లోని మన ఆరోగ్య అధ్యయన సంస్థలో గణాంక విశ్లేషకురాలిగా బాధ్యతలు స్వీకరించారు. అంతకుముందు రాజమహేంద్రవరంలో అధ్యాపకురాలిగా పనిచేసిన వారికి పాఠం చెప్పే అలవాటు ఇక్కడా పోలేదు. నాబోటివారు పని నేర్చుకున్నది ఆ అలవాటు పుణ్యమే.

2009 నుండి వారు ప్రపంచ దేశాలలో రానున్న వైద్యుల కొరతను అంచనా వేసే విభాగానికి సారథ్యం వహించారు. ఒక దేశం ఎందరు వైద్యులకు జీతాలివ్వగలదో చెప్పేది ఆర్థిక నమూనా కాగా, అక్కడి రోగులకూ గర్భిణులకూ నిజంగా ఎందరు కావాలో చెప్పేది ఆరోగ్యావసర నమూనా. పేద దేశాల విషయంలో ఈ రెండింటికీ పొంతన కుదరదు.

2016లో ఒక విదేశీ నిధుల సంస్థ తన కోసం మన విభాగం తయారుచేస్తున్న నివేదికలో ఆర్థిక అంచనాను మాత్రమే ఉంచమని కోరింది. వైద్య విద్యకు సాయం ఏ దేశాలకు అందాలో తేల్చేది ఆ నివేదికే. సమావేశంలో వీరలక్ష్మి గారు, "జీతమివ్వలేని దేశంలో డాక్టర్ల కొరతే లేదని మనం రాస్తే, అక్కడ కాలేజీకి ఎవరు సాయం చేస్తారండీ? రెండూ ఉంచండి, లేదా నా పేరు తీసేయండి" అన్నారు. సంచాలకులు యజ్ఞనారాయణ గారు వారి పక్షాన నిలిచారు. ఒప్పందం రద్దయింది, ఆ నిధులతో నడిచే విభాగం మూతపడింది.

అందరమూ హర్షించామనడం సత్యదూరమవుతుంది. అప్పటికి కొత్తగా చేరిన శిరీష క్యాంటీన్‌లోనే నిలదీసింది.

"మీరు పట్టు పట్టిండ్రు, మా టీమ్ పోయింది మేడమ్. ఇగ మేమేడికి పోవాలె?"

వారు సంజాయిషీ చెప్పుకోలేదు. "నిజమేనమ్మా, నావల్లే పోయింది. ముందు అన్నం తిను. తిన్నాక ఇద్దరం కలిసి వెళ్లి అడుగుదాం" అన్నారు.

ఆ వేసవంతా ఒక్కో విభాగాధిపతి గది ముందు కూర్చుని, మాకందరికీ చోటు కుదిర్చిన తరువాతే తాము గ్రంథాలయ విభాగానికి మారారు.

మూడేళ్లకు సంస్థ రెండు అంచనాలతోనూ స్వయంగా నివేదిక ప్రచురించింది. దానిని చూసి తూర్పు ఆఫ్రికాలోని ఒక దేశం మన సహకారం కోరగా విభాగం తిరిగి తెరుచుకుంది. మళ్లీ సారథ్యం చేపట్టిన వీరలక్ష్మి గారు మొదట పిలిపించినది శిరీషనే. ఆ దేశంలో కొత్తగా నెలకొల్పిన వైద్య కళాశాలలో గత సంవత్సరం తొలి తరగతులు మొదలయ్యాయి. వీరలక్ష్మి గారు ఇప్పుడు పదవీ విరమణ చేస్తున్నందున ఇకపై విభాగ బాధ్యత శిరీషదే.

ఇన్నేళ్లూ ఎవరికి ఎందరు వైద్యులు కావాలో ఆలోచించిన వీరలక్ష్మి గారికి వైద్యునితో పని అరుదుగా మాత్రమే పడాలనీ, కూకట్‌పల్లిలోని స్వగృహంలో కుటుంబ సమేతంగా, సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలనీ మనసారా ఆకాంక్షిస్తున్నాము.

— ఉదయ్ భాస్కర్, సహోద్యోగి