తీగ కొస

చీరల మిల్లుల పేట వడోద్‌లోని ఒక ఇంటి ముందుగదిలో అక్క కంప్యూటర్ మీద చీరల ప్రింటు డిజైన్లు గీస్తుంది. విరిగిన చేతికి కట్టు విప్పాక, ఈ వారమే మళ్లీ బొమ్మలు గీసే ట్యాబ్లెట్ పెన్ను పట్టింది. వెనక నిలబడ్డ తమ్ముడు తెర వంక చూడలేక చూస్తున్నాడు.

"చూడు తమ్మీ, తీగ కొస సన్నగ వస్తలేదు. మొదలు ఎంత లావో కొస గంతే లావు. నా చెయ్యి ఖరాబైందిరా."

"గట్లనకు అక్కా."

"నా డిజైన్లు కొనే పల్సానా మిల్లు సేఠ్‌కు చెప్పేసిన, వేరేటోళ్లను చూసుకోమని. రేపటి సంది చీరలకు స్టోన్లు అంటిస్త."

అతను ఒక కాయితం, పెన్సిల్ ఆమె ముందుకు జరిపాడు.

"జర ఆగు. గీ పెన్సిల్‌తోని కాయితం మీద గియ్యి."

ఆమె గీసింది. తీగ కొస వెంట్రుకంత సన్నగా సాగింది.

"ఏంది గిది? గిక్కడ మంచిగనే వస్తున్నది!"

"నీ చెయ్యి మంచిగనే ఉంది. నువ్వు కట్టుతోని ఉన్నప్పుడు కంప్యూటర్ల విండోస్ తీసేసి లినక్స్ ఏసిన. నా కాలేజీ పనికి అదే కావాలె. దాంట్ల నీ ట్యాబ్లెట్‌ను సెట్ చేసుడు నాకు రాలే. నువ్వు ఎంత ఒత్తినా, ఎంత తేలిగ్గ పట్టినా గీత ఒక్క తీరే వస్తది."

"నీకెప్పుడు తెలిసింది?"

"నువ్వు గీసిన మొదటి దినమే. నీకు తెల్వకుండ సరిజేద్దామనుకున్న, కాలే. ఇయ్యాల్నే విండోస్ మళ్ల ఏస్త అక్కా."

ఆమె పెన్సిల్ కింద పెట్టి, మణికట్టును రెండో చేత్తో పట్టుకుంది.

"అంటే రోజు పొద్దుగాల నువ్వు నా చేతికి నూనె రాసేటప్పుడు గూడ నీకు తెలుసు."